టీవీలో కనబడిన శతరంజీ

"దించు."

"దించ."

గోడకు తివాచీలా వేలాడుతున్న మందపాటి నూలు శతరంజీ అంచు సుదర్శన్ పిడికిట్లో ఉంది. ఉదయ్ దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. తండ్రి లాగితే కొడుకుతో సహా రావాలి, లేదా చిరగాలి.

"ఇజ్జత్ పోయినంక ఇంక ఇయ్యెందుకురా గోడకు? దించమంటాన గద!"

"దించితె ఏమంటరో ఎరుకేనా బాపు? రాత్రి టీవీల చూపెట్టిన్రు, తెల్లారెసరికి సాక్ష్యం మాయం జేసిన్రు అంటరు. ఉండనియ్యి. ఎవలొచ్చి చూసినా చూడనియ్యి."

"వస్తరు. ఎందుకు రారు? పోలీసోళ్లే వస్తరు."

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ప్రేమలత భర్తనూ వారించలేదు, కొడుకునూ వారించలేదు. ఆ శతరంజీలకు ఇనుప రింగులు కుట్టింది ఆమే.

మామ కుమారస్వామి పోయిన తర్వాత ఆయన మగ్గం ఒక మూలకు జరిగింది. మిగతా షెడ్డులోకి చిన్న కొడుకు ఉదయ్ పాటల సామాను వచ్చి చేరింది. డ్రమ్ములు, గిటార్లు, మనిషి నడుమెత్తు నల్లటి స్పీకర్ పెట్టెలు. వరంగల్ నేతగాళ్ల కొత్తవాడలో మగ్గం ఎంతసేపు కొట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఉదయ్ గొంతుకు మాత్రం మొదటి రోజే వాడకట్టంతా వచ్చి నిలబడింది. అమ్ముడుపోని పాత శతరంజీలు గోడల నిండా కట్టుకోండి, చప్పుడు బయటికి పోదు అని ఉపాయం చెప్పింది కూడా ప్రేమలతే.

రాత్రి 'నేరం నీడ' సీరియల్లో సరిగ్గా అదే చూపించారు.

నల్ల టీషర్టులు వేసుకొని, జుట్టు పెంచిన నలుగురు పిల్లలు. ఛాతీ మీద పుర్రె బొమ్మలు. పాటో అరుపో తెలియని పాట. ఒక పాత మగ్గాల షెడ్డు. గోడల నిండా శతరంజీలు. "లోపలి కేకలు బయటికి వినిపించకుండా వాళ్లు చేసుకున్న ఏర్పాటు ఇది" అని వెనుక నుంచి ఒక గంభీరమైన గొంతు చెప్పింది. ఆ పిల్లల్లో డ్రమ్స్ వాయించే అమ్మాయి ఒకనాడు మాయమవుతుంది. చివరికి శవమై, ఆ షెడ్డులోనే ఒక శతరంజీలో చుట్టి దొరుకుతుంది.

మొదట్లో తెర మీద 'యథార్థ సంఘటనల ఆధారంగా' అని వేశారు. వరంగల్ పేరు ఎక్కడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కొత్తవాడకు కలగలేదు.

ఉదయ్ పాటల బృందం పేరు 'నల్లరేగడి'. అందులో డ్రమ్స్ వాయించేది సాల్మన్ సార్ బిడ్డ రెబెకా.

"ఒక్కటి అడుగుత, చెప్పు." సుదర్శన్ అంచు వదిలేశాడు. గొంతు తగ్గించాడు. అది ఇంకా భయంగా ఉంది. "వాళ్లకెట్ల తెలిసింది ఇది? గోడకు శతరంజీలు కట్టేది ఎవలకన్న కల వస్తదా? ఈడ ఏదో చూస్తెనే గద తీసిండ్రు."

"నాకేమెరుక?"

"నీకు ఎరుక లేక ఎవలకు ఎరుక? ఈడికి వచ్చేది మీరు నలుగురు. ఆ పిల్ల, నువ్వు, గిటార్ పోరలు ఇద్దరు."

"అమ్మ గుడ వస్తది. నువ్వు గుడ వస్తవు."

"అంటె నేను చెప్పొచ్చిన్నా టీవీ వాళ్లకు?"

"నేనన్ననా గట్ల?"

పక్కింటి మగ్గం చప్పుడు ఒక్కటే వినబడింది. ఆదివారం కూడా నేస్తున్నారంటే ఏదో పెద్ద ఆర్డరే వచ్చి ఉంటుంది.

"అసలు ఎందుకురా ఆ అరుపులు?" సుదర్శన్ మగ్గం పలక మీద కూర్చున్నాడు. "మంచిగ పాడొచ్చు గద. నీ గొంతు చిన్నప్పుడు మంచిగనే ఉండె. బడిల ప్రైజు గుడ ఇచ్చిన్రు."

ఉదయ్ తాత మగ్గం మీద చేయి వేసి, దాని మీది నూలు దుమ్మును వేలితో గీశాడు.

"తాత దగ్గు ఇన్నవు గద బాపు. ఆఖరికి మాట రాకపోతుండె. దగ్గే వస్తుండె. ఆ దగ్గును మంచిగ పాడొస్తదా?"

సుదర్శన్ తల వంచుకున్నాడు. లేచి, కొడుకు వైపు చూడకుండానే బయటికి నడిచాడు. గుమ్మంలో ప్రేమలతను తప్పించుకుంటూ, "నీ కొడుకు తోటి నువ్వే మాట్లాడు" అన్నాడు.

ఏ కొడుకుతో అని ప్రేమలత మనసులో అనుకుంది.

* * *

ఇంట్లోకి వచ్చేసరికి వంటింటి గుమ్మం దగ్గర పూలమ్మ గిన్నె పట్టుకొని నిలబడి ఉంది. పక్కింటి మనిషి. పెరుగు తోడుకు వచ్చిందట.

"తోడుకు జర పెరుగుంటె ఇయ్యి ప్రేమలతా. మా ఇంట్ల పెరుగంత రాత్రి పిల్లి తాగింది."

"పిల్లి తాగిందా, నువ్వు టీవీ చూసుకుంట మూత పెట్టుడు మరిచినవా?"

"రెండూ అనుకో." పూలమ్మ నవ్వి, షెడ్డు వైపు మెడ సాచింది. "ఏం చూసినమే రాత్రి! నాకు నిద్ర పట్టలే. మా ఆయన అయితె, పూలా, గా గోడలు సుదర్శన్ గోడలే గద అన్నడు. నోరు ముయ్యి, మనుషులెవలన్న ఇంటరు అన్న నేను."

"నోరు ముయ్యి అని నువ్వన్నవా? మా గోడ దాక ఇనబడ్డది నీ నోరు."

"అయ్యో, కోపం చెయ్యకు. నేను ఉదయ్‌ను అన్ననా? చిన్నప్పటి సంది చూస్తాన పోరన్ని. కోడిని కోస్తె కండ్లు మూసుకునేటోడు." గిన్నెలో పెరుగు పడగానే ఆమె గొంతు ఇంకొంచెం దగ్గరకు వచ్చింది. "గని, ఒక్క మాట. అబద్ధమైతె టీవీల ఎందుకు చూపిస్తరు? వాళ్లకేం పగ మన మీద?"

"సీరియల్‌ల అత్తలు కోడండ్లకు విషం పెడ్తరు. నువ్వు నీ కోడలికి పెట్టినవా?"

"అది వేరె. అది కథ. ఇది అసలుది అని రాసిన్రు మొదట్ల. నేను చదివిన."

పూలమ్మ వెళ్లిపోయింది. పోతూ పోతూ షెడ్డు ముందు చెప్పులో రాయి పడ్డట్టు ఆగి, వంగి, లోపలికి చూసి మరీ పోయింది.

ప్రేమలత పెరుగు గిన్నె మీద మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

రాత్రి ఇల్లంతా చూసింది వేరు, ఆమె చూసింది వేరు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కుమారస్వామి తన ఇద్దరు మనుమలకూ పురిటి నెలలోనే చెరొక శతరంజీ నేశాడు. బిడ్డను మొదటిసారి నేల మీద పడుకోబెట్టేది దాని మీదే. ఒక మూల మాత్రం నూలుతో నేయడు. తల్లి ఆ కాన్పు సీమంతానికి కట్టిన చీర కొంగు చింపి, పేని, ఆ పేలికతో నేస్తాడు. దిష్టి తగలకుండా. పెద్దోడు భానుచందర్ శతరంజీకి ఆకుపచ్చ మూల. చిన్నోడు ఉదయ్ శతరంజీకి పసుపు మూల. రెండూ ఎరుపు, నలుపు చారలవే. మూల ఒక్కటే తేడా. అవి అమ్మరు, ఎవరికీ ఇవ్వరు. పెట్టెలో ఉంటాయి. పెండ్లినాడు పిల్లవాడు దాని మీద కూర్చుంటాడు.

రాత్రి టీవీలో ఆ పిల్ల శవాన్ని చుట్టిన శతరంజీ మూల ఆకుపచ్చగా ఉంది.

ఎర్ర చారలు, నల్ల చారలు, మూలన ఆకుపచ్చ పేలిక. కెమెరా ఒక్క క్షణం దాని మీద నిలిచింది. సుదర్శన్ అప్పుడే నీళ్లు తాగడానికి లేచాడు. ఉదయ్ తల పట్టుకొని నేలకేసి చూస్తున్నాడు. ఆమె ఒక్కతే చూసింది. చూసి, నోట్లో ముద్ద మింగలేక అట్లాగే కూర్చుంది.

భాను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆ సీరియల్ వచ్చే ఛానల్ ఆఫీసులోనే. ఆ ఇంట్లో మొదట డిగ్రీ చదివింది వాడే. మొన్న దసరాకు వచ్చినప్పుడు, "నా శతరంజీ తీస్కపోత అమ్మా, రూముల పరుసుకుంట" అని తండ్రి దగ్గర పెట్టె తాళంచెవి అడిగి తీసుకున్నాడు. వాడు పెట్టె తెరవడం చూసింది. అప్పుడే పొయ్యి మీద పాలు పొంగితే వంటింట్లోకి పోయింది. తర్వాత ఏం జరిగిందో చూడలేదు.

ఇప్పుడు పెట్టె తెరిచి చూద్దామంటే తాళంచెవి సుదర్శన్ మొలతాడుకు ఉంది. అడిగితే ఎందుకంటాడు. ఎందుకో చెప్తే ఇంకో కొడుకు పోతాడు.

ఆమె పెరట్లోకి పోయి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఫోన్ చేసింది.

"భానూ, నీ శతరంజీ ఏడున్నది?"

"ఏం శతరంజీ?"

"నీదిరా. తాత నేసింది. ఆకుపచ్చ మూలది."

అవతల కొంచెం ఆలస్యమైంది. "పెట్టెల్నే ఉంటది గదమ్మా. బ్యాగుల పట్టలే, మళ్ల అండ్లనే పెట్టొచ్చిన. ఎందుకు?"

"నిజం చెప్పు బిడ్డా."

"నిజమే చెప్తాన. రాత్రి సీరియల్ గురించా? అది మావోళ్లు తియ్యరమ్మా. బయట కంపెనీవోళ్లు తీసి ఇస్తరు. నేను ఆఫీసుల బిల్లులు చూసేటోన్ని. నాకేం సంబంధం?" గొంతు తగ్గించాడు. "బాపుకు ఏం చెప్పకు. నాకు ఫోన్ జేసి లొల్లి పెడ్తడు. సీరియల్ల చూపెట్టిన పోరడు నా తమ్ముడేనని ఈడ ఒక్కలకు తెల్వదు. తెలిస్తె నా పరిస్థితి ఏంది?"

"తమ్ముని పరిస్థితి ఏందని అడగవైతివి."

"అమ్మా, నేను మళ్ల చేస్త."

ఫోన్ పెట్టేశాడు. ప్రేమలత ఆ ఫోన్‌ను చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. ఏమీ తెలియనివాడు బాపుకు చెప్పకు అని ఎందుకంటాడు?

వెనక్కి తిరిగేసరికి జామచెట్టు పక్కన ఉదయ్ నిలబడి ఉన్నాడు. వాడి చెవి దగ్గర కూడా ఫోన్ ఉంది. ఎవరో ఎత్తడం లేదు. తల్లిని చూడగానే దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"ఎవలకురా?"

"ఎవలకు లేదు. నువ్వెవలకు?"

"ఎవలకు లేదు."

* * *

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నారు, ఎవరూ తినలేదు. వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది.

సాల్మన్ సార్. బళ్లో పిల్లలకు ఆటలు నేర్పే మనిషి. ఎప్పుడు చూసినా నవ్వుతూ, విజిల్ మెడలో వేసుకొని ఉంటాడు. ఇవాళ తెల్ల చొక్కా వేసుకొని, జిప్పు కవరులో బైబిలు పట్టుకొని ఉన్నాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ముఖంలో నవ్వు లేదు. వెనుక కొడుకు ఫ్రాన్సిస్ బండి స్టాండు వేసి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. పెండ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. పెండ్లిళ్లు లేనప్పుడు హైదరాబాద్ పోయి షూటింగుల్లో లైట్ల పని చేసి వస్తుంటాడు.

"రా అన్నా, కూసో" అంది ప్రేమలత.

"కూసునేటందుకు రాలేదు చెల్లె. రెబెకా ఈడికి వచ్చిందా?"

ఉదయ్ గబుక్కున లేచాడు. "రెబెకా ఇంట్ల లేదా సార్?"

"ఉంటె నిన్నెందుకు అడుగుత? పొద్దుగాల్ల లేచెసరికి లేదు. ఫోన్ బందున్నది. ముందుగాల చర్చికి పోయిందేమో అనుకున్నం. ఆడ గుడ లేదు. ఇయ్యాల ఆరాధనల డ్రమ్స్ లేకుంటనే పాటలు పాడినం. సంఘపెద్దలు అందరు నన్నే చూస్తాన్రు. రాత్రి ఆ సీరియల్ అందరు చూసిన్రు."

"ఫ్రెండ్స్ ఇండ్లల్ల అడిగిన్రా?" అన్నాడు సుదర్శన్.

"అందరినీ అడిగినం. హసన్‌పర్తిల దాని కాలేజీ హాస్టల్ గుడ చూసొచ్చిండు వీడు." ఫ్రాన్సిస్‌ను చూపించాడు. "సుదర్శనన్నా, తప్పుగ అనుకోకు. నీ షెడ్డు ఒకసారి చూస్త."

వద్దని ఎవరూ అనలేదు. అనే హక్కు ఉందని కూడా ఎవరికీ తోచలేదు.

షెడ్డులో సాల్మన్ ఒక్కొక్క శతరంజీ ఎత్తి దాని వెనక గోడ చూశాడు. ఉత్త సున్నం గోడ. స్పీకర్ పెట్టెల వెనక చూశాడు. తర్వాత మగ్గం పక్కకు వచ్చి ఆగాడు. అక్కడ నాలుగైదు శతరంజీలు ఒకదాని మీద ఒకటి వేసి చుట్టి ఉన్నాయి. మనిషి పొడుగున్న చుట్ట.

ఆయన చేయి ముందుకు పోయింది. ఆగింది. తాకలేకపోయాడు.

"అది... అది విప్పు అన్నా."

సుదర్శన్ ముఖం నల్లబడింది. "సార్, ఏమంటానవ్ నువ్వు?"

"నేనేమనుట్లేదు. విప్పమంటాన. నీ కాళ్లు మొక్కుత."

ఎప్పుడూ నవ్వుతూ తిరిగే మనిషి, కాళ్లు మొక్కుతానన్నాడు. సుదర్శన్ మోకాళ్ల మీద కూర్చొని చుట్ట విప్పాడు. మొదటిది నేల మీద పరుచుకుంది. దుమ్ము లేచింది. రెండోది. మూడోది. లోపల ఏమీ ఉండదని అందరికీ తెలుసు. అయినా ఆఖరిది విప్పేదాకా అందరి చూపూ దాని మీదే.

ఏమీ లేదు.

సాల్మన్ మగ్గం పలక మీద కూలబడ్డాడు. చెమట తుడుచుకున్నాడు. ఉపశమనం రావాలి. రాలేదు. అనుమానం ఆ చుట్టలో లేకపోతే ఇంకోచోటికి పోతుంది, అంతే.

"ఒక్కటి చెప్పున్రి నాకు. అదంత అబద్ధమే అయితె వాళ్లకు ఈ గోడలెట్ల తెలుసు? డ్రమ్స్ వాయించేది ఆడపిల్ల అని ఎట్ల తెలుసు?" ఉదయ్ వైపు తిరిగాడు. "నిన్ను నా కొడుకు లెక్కనే చూసినరా నేను. నా బిడ్డ చర్చిల వాయిస్తది, ఈడ గుడ వాయిస్తది. వాయించనియ్యి, దేవుడిచ్చిన చెయ్యి అనుకున్న. నాకు నీ పాట ఇష్టం లేదు. అయినా అడ్డం పడలే. రెబెకా ఏడున్నది?"

"నాకు తెల్వదు సార్. నిజంగ తెల్వదు. పొద్దటి సంది నేను గుడ ఫోన్ చేస్తాన."

"రాత్రి మాట్లాడలేదా?"

ఉదయ్ ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. "లేదు."

ఆ ఆలస్యం అందరికీ వినబడింది. తల్లికి మరీ.

"పొద్దుగూకె లోపట నా బిడ్డ రాకపోతె స్టేషన్‌కు పోయి నీ పేరు రాసిస్త. తర్వాత నన్ను అనొద్దు."

"పొద్దుగూకె దాక ఎందుకు నాయినా?" అన్నాడు ఫ్రాన్సిస్ గుమ్మంలోంచి. "ఇప్పుడే పోదాం. ఇసొంటోళ్లకు టైమిస్తె పారిపోతరు."

"నోరు జర భద్రం ఫ్రాన్సిస్" అన్నాడు సుదర్శన్.

"నా నోరు సంగతి తర్వాత. నీ కొడుకు నోరు తెరిస్తె దయ్యం పట్టినట్టుంటది. వాడకట్టంత చెప్తాంది."

ఉదయ్ ముందుకు ఒక అడుగు వేశాడు. సుదర్శన్ చేయి అడ్డం పెట్టాడు.

పోలీసులు వస్తారు. ఉదయ్‌ను తీసుకుపోతారు. వాళ్లు కూడా ఆ సీరియల్ చూసే వస్తారు. ప్రేమలతకు ఇంకేమీ తోచలేదు. ఒక కొడుకును కాపాడాలంటే ఇంకో కొడుకు పేరు చెప్పాలి.

"మా ఉదయ్ కాదు" అంది. "వాళ్లకెట్ల తెలిసిందో నాకు ఎరుక."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"రాత్రి ఆ పిల్లను చుట్టిన శతరంజీ మన ఇంటిదే. మామ నేసిందే. నేను చూసిన. మూలకు ఆకుపచ్చ పేలిక ఉన్నది. నా సీమంతం చీర నేను గుర్తుపట్టనా?" భర్త వైపు చేయి చాచింది. "తాళంచెవి ఇయ్యి. పెట్టె తెరువు. భాను శతరంజీ అండ్ల ఉండదు. వాడే ఇచ్చిండు వాళ్లకు. షెడ్డు సంగతి గుడ వాడే చెప్పి ఉంటడు. ఈడ ఏం తప్పు జరగలే. వాడు చెప్పిందాన్ని పట్టుకొని వాళ్లు కథ అల్లిన్రు, గంతే."

"భానా?" సుదర్శన్ నోట ఆ పేరు సరిగ్గా రాలేదు. "మన భానా?"

"తాళంచెవి ఇయ్యి."

పెట్టె లోపలి గదిలో ఉంది. సుదర్శన్ దాన్ని షెడ్డు వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. మొలతాడు పైకి లాగి, విప్పే ఓపిక లేక, అట్లాగే వంగి తాళం తీశాడు. పైన కుమారస్వామి కండువా. దాని కింద ఆయన కంటద్దాలు. దాని కింద మడత పెట్టిన శతరంజీ.

ప్రేమలత దాన్ని బయటికి తీసి విప్పింది. ఎర్ర చారలు, నల్ల చారలు.

మూలన ఆకుపచ్చ పేలిక.

భానుది ఇక్కడే ఉంది. వాడు నిజమే చెప్పాడు. తన కొడుకు నిజం చెప్తే తల్లి నమ్మలేదు. నలుగురి ముందు దొంగను చేసింది.

"ఇగో, పెద్దోనిది ఈడనే ఉన్నది" అన్నాడు సుదర్శన్. పెట్టె అడుగుదాకా చేయి పెట్టి వెతికాడు. మెల్లగా తల ఎత్తాడు. "మరి చిన్నోనిదేది?"

అందరూ ఉదయ్ వైపు చూశారు.

"ఇంకేముంది?" ఫ్రాన్సిస్ రెండడుగుల్లో పెట్టె దగ్గరకు వచ్చాడు. "అంటె టీవీల ఉన్నది వీనిదే. నీలం లైట్ల పసుపు మూల ఆకుపచ్చగనే కనబడ్తది ఆంటీ, అందుకే మీరు పొరబడ్డరు. రాత్రి సీన్లన్ని నీలం లైట్లనే తీస్తరు. వీడే ఇచ్చిండు వాళ్లకు. పేరు కోసమో దేనికోసమో. ఇప్పుడు తెల్వనట్టు నిలబడ్డడు. పోదాం పా నాయినా స్టేషన్‌కు."

సాల్మన్ లేవబోయాడు.

"ఆగు సార్" అన్నాడు ఉదయ్.

వాడి గొంతు చాలా మామూలుగా ఉంది. పాటలో అరిచే గొంతు కాదు, తండ్రితో వాదించిన గొంతు కూడా కాదు.

"ఫ్రాన్సిసన్నా, నా శతరంజీకి పసుపు మూల అని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పుడేంది? ఇప్పుడే ఆంటీ అన్నది గద."

"అమ్మ ఆకుపచ్చ అన్నది. పసుపు అని ఈడ ఒక్కలు అనలే."

ప్రేమలత తల ఎత్తింది. తను అనలేదు. నిజమే. ఆ మాట ఆ ఇల్లు దాటి ఎన్నడూ పోలేదు. పెట్టె దాటి కూడా పోలేదు.

వేలికి తిరుగుతున్న బండి తాళంచెవి ఆగిపోయింది.

"నా శతరంజీ నేను టీవీ వాళ్లకు ఇయ్యలే." ఉదయ్ తండ్రి వైపు చూడలేక నేల వైపు చూస్తూ చెప్పాడు. "దసరకు అన్న పెట్టె తెరిచినప్పుడు తీసిన బాపు. రెబెకాకు ఇచ్చిన."

పెండ్లినాడు కూర్చునే శతరంజీని ఒక ఆడపిల్లకు ఇవ్వడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. సాల్మన్‌కు కూడా చెప్పనక్కరలేకపోయింది.

"ఎర్రది, నల్లచారలది" అన్నాడు సాల్మన్ నెమ్మదిగా. ఏదో దూరంగా ఉన్నదాన్ని చూస్తున్నట్టు. "డ్రమ్స్ కింద పరిచేది మా ఇంట్ల. మొన్న ఏదమ్మా అంటె, అన్న షూటింగ్‌కు తీస్కపోయిండు, తెస్తలేడు అని లొల్లి పెట్టింది. పాత గుడ్డ కోసం గంత లొల్లి ఎందుకని నేనే కసిరిన."

"నాయినా, అది వేరె..."

"రాత్రి ఫోన్ చేసింది సార్" అన్నాడు ఉదయ్. "ఇందాక అబద్ధమాడిన. శతరంజీ ముచ్చట బయటపడ్తదని. రెబెకా గుడ టీవీల దాన్ని గుర్తుపట్టింది. ఏడ్సింది. పొద్దుగాల్ల లేవంగనే ఇంట్లనే అడుగుత అన్నది. ఎవల్ని అంటె చెప్పలే."

పక్కింటి మగ్గం ఎప్పుడు ఆగిందో తెలియదు. గోడ అవతల పూలమ్మ గాజులు ఒకసారి గలగలలాడి ఊరుకున్నాయి.

సాల్మన్ చేతిలోని బైబిలును మగ్గం పలక మీద పెట్టాడు. కొడుకు దగ్గరకు నడిచి, ఎదురుగా నిలబడ్డాడు. షూటింగు వాళ్లకు ఈ గోడల సంగతి మోసింది వాడే. పొద్దున అందరికంటే ముందు లేచింది వాడే. చెల్లె ఇంట్లో లేదని చెప్పింది వాడే. హాస్టల్‌కు ఒక్కడే పోయి చూసివచ్చానన్నది వాడే.

"ఫ్రాన్సిస్, చెల్లె ఏడున్నదిరా?"

ఈసారి జవాబు కోసం ఎవరూ ఉదయ్ వైపు చూడలేదు.